ముసలమ్మ గొయ్యి చేప

స్కార్వ్‌విక,
మే 14

నా బంగారుతల్లి రాగ్నికి,

నాన్న రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ నా కాళ్లు నేల మీద లేవు. "కాస్త కూర్చోవయ్యా, నువ్వలా అటూ ఇటూ తిరుగుతుంటే నాకు తల తిరుగుతోంది" అంటోంది మీ అమ్మ. కూర్చోమంటే ఎలా కూర్చోను? ట్రోమ్సోలో చేపల మీద పరిశోధన చేసే నా కూతురు, ఏడో తరగతితో బడి వదిలేసిన నన్ను సాయం అడిగింది! రేవులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. టోర్ఫిన్‌కి రెండుసార్లు చెప్పాను. "ఒరే ఓడ్వార్, ఇక నీ టోపీ నీ తలకి పట్టదురా" అన్నాడు. పట్టకపోతే పోయె, కొత్తది కొనుక్కుంటాను.

ఫోన్‌లో మనం ఏం మాట్లాడుకుంటాం? బాగున్నావా, బాగున్నాను, అమ్మకివ్వు. అంతే. చేపల చెవిరాళ్లు మాత్రం ఫోన్‌లో పంపలేం. అందుకని ఆ రాళ్లకు వెయ్యి దండాలు. పెట్టె ఒక్కటే పోస్టులో రావడం బాగుండదని తోడుగా ఈ ఉత్తరం పంపుతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. చేప తల కోసి, మెదడు కింద ఉన్న జత రాళ్లు తీసి, కడిగి, ఆరబెట్టి, అగ్గిపెట్టెలో పెట్టాను. మొత్తం మూడు పెట్టెలు. ఒక్కో పెట్టె మీద తేదీ, పొడవు, బరువు, పట్టిన చోటు రాశాను. ఒక చేప రాయిని, కిందటి వేసవిలో నువ్వు నేర్పినట్టు, గోటితో మధ్యకి విరిచి మీ అమ్మ భూతద్దం కింద వలయాలు లెక్కపెట్టాను. ఏడాదికొకటి అన్నావు కదా. అక్కడే నా బుర్ర తిరిగిపోయింది. అది కాడ్ చేప, పొడవు ఎనభై ఏడు సెంటీమీటర్లు, బరువు ఏడు కిలోలు. వలయాలు చూస్తే ఆరే! మా నాన్న కాలంలో అంత చేప కావాలంటే తొమ్మిది పదేళ్లు పట్టేది. మీ అమ్మని లెక్కపెట్టమన్నాను. ఆమెకీ ఆరే వచ్చాయి. "అయితే ఏం? మంచి పెరుగుదలేగా" అంది.

మంచిదే! నాకూ సంతోషంగానే ఉంది. ఇంత బలిసిన చేపలు నేనెప్పుడూ చూడలేదు. కానీ ఇంకొకటి చెప్పు తల్లీ, మూరెడు కూడా లేని పిల్లచేపల కడుపులో గుడ్లేమిటి? ఇంకా బొమ్మలతో ఆడుకోవాల్సిన వయసులో పెళ్లిళ్లా? అర్థం కాలేదు.

రేవులో టోర్ఫిన్ బుట్టలోకి తొంగిచూసి అడగాల్సింది అడిగాడు, నేను చెప్పాల్సింది చెప్పాను. నవ్వుకుంటూ పోయాడు. ఆ సాయంత్రం చేపని దాని కాలేయంతో, బంగాళదుంపలతో ఉడకబెట్టుకుని తిన్నాం. మాంసం కాస్త మెత్తబడినట్టు అనిపించింది. మీ అమ్మ కాదంటోంది.

నీ పొంగిపోయిన నాన్న,
ఓడ్వార్


ట్రోమ్సో,
మే 29

నాన్నా,

మూడు పెట్టెలూ చేరాయి. నువ్వు రాళ్లు శుభ్రం చేసిన తీరు చూసి ఇక్కడ మెచ్చుకోని వాళ్లు లేరు. మా ప్రయోగశాల పెద్దాయనైతే "మీ నాన్నకి ఉద్యోగం ఇద్దాం" అన్నాడు. అమ్మకి చెప్పు.

నీ ప్రశ్న గురించి. చేపకి మనలా సొంత ఒంటివేడి ఉండదు. చుట్టూ నీళ్లు ఎంత వెచ్చనో దాని ఒళ్లూ అంతే వెచ్చన. నీళ్లు రెండు మూడు డిగ్రీలు వేడెక్కితే చాలు, లోపల పనులన్నీ పరుగందుకుంటాయి. గుండె త్వరగా కొట్టుకుంటుంది, తిన్నది త్వరగా అరుగుతుంది, ఆకలి పెరుగుతుంది. తిండి దొరికినన్నాళ్లు గబగబా పెరిగి చిన్నప్పుడే గుడ్లకొస్తుంది. అందుకే నీ పిల్లచేపలకి పెళ్లిళ్లు. అయితే వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ దానికి గాలి ఎక్కువ కావాలి, నీళ్లలో మాత్రం అది తక్కువ. అందుకని పెద్ద చేపలకే ముందు కష్టమొస్తుంది. నువ్వు చూసి సంతోషపడే ఆ పెరుగుదల ఒక రకంగా అప్పు తెచ్చి కట్టిన ఇల్లు లాంటిది నాన్నా.

ఇంతవరకూ మాకు తెలిసిందే. తెలియనిది నీ పెట్టెల మీద ఉంది. మూడింటి మీదా "ముసలమ్మ గొయ్యి" అని రాశావు. నేను పటం తీసి చూశాను. ఆ గొయ్యి మన సముద్రపు పాయ చివర, నీటి అడుగున అడ్డుగోడలాంటి ఒక గట్టు వెనక ఉంది. చలికాలపు నీళ్లు అందులో దిగి అక్కడే నిలిచిపోతాయి. మా సాధనం ఒకటి ఆరేళ్లుగా ఆ అడుగున ఉంది. ఆగస్టులో కూడా అక్కడ రెండు డిగ్రీలే! రెండు డిగ్రీల నీళ్లలో ఉండే చేప, తొమ్మిది డిగ్రీల నీళ్లలో ఉన్నట్టు ఎలా పెరుగుతుంది? నాకు తల తిరుగుతోంది, కానీ హాయిగా తిరుగుతోంది. ఇదే నిజమైతే ఎవరికీ తెలియనిదేదో మన పాయలో జరుగుతోందన్నమాట!

ఇంకా పంపు నాన్నా. కాలేయం బరువు కూడా రాయి. ఎంత లోతులో పట్టావో రాయి. అదే చోట పట్టినవే పంపు. చోటు చాలా ముఖ్యం.

నీ రాగ్ని


స్కార్వ్‌విక,
జూలై 8

బంగారుతల్లీ,

నీ ఉత్తరాన్ని చొక్కా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను, మడతల దగ్గర చిరిగిపోతోంది. "హాయిగా తల తిరుగుతోంది" అని రాశావు! చదువు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నీకు నిద్ర చాలదనీ, పని తెమలదనీ వినడమే తప్ప నీ నోట హాయి అన్న మాట వినలేదు. నా చేపల వల్ల విన్నాను. ఇంకేం కావాలి నాకు?

మరో ఐదు పెట్టెలు పంపుతున్నాను. కాలేయాల బరువులు మీ అమ్మ తూచింది, తన బేకింగ్ త్రాసులో. ఆ త్రాసు ఇక కేకులకి పనికిరాదట, కొత్తది నువ్వే పంపాలట. కాలేయాలు చిన్నవి, తల్లీ. ఒళ్లు చూస్తే పహిల్వానుది, కాలేయం చూస్తే బక్కవాడిది. ఈ లెక్క నాకు తెగడం లేదు.

ఒక సంగతి చెప్పాలి. మొన్న మంగళవారం ఎండ మండిపోయింది. ఒక పెద్ద చేపని మీ అమ్మకి ప్రాణంతో చూపించాలని తొట్టిలో వేసి ఒడ్డుకి తెచ్చాను. అది మొప్పలు ఎలా ఆడించిందనుకున్నావు! నోరు తెరిచి, మూసి, తెరిచి... కొండెక్కి వచ్చిన ముసలాడిలా రొప్పింది. తొట్టిలోకి చన్నీళ్లు పోశాను, కాస్త నెమ్మదించింది. మళ్లీ నీళ్లు వెచ్చబడగానే మళ్లీ మొదలు. చేప ఊపిరాడక బాధపడటం ఒడ్డు మీద చూశాను గాని, నీళ్లలో ఉండి బాధపడటం చూడటం ఇదే మొదటిసారి. దాని రాళ్లు ఏడో పెట్టెలో ఉన్నాయి. కోయడానికి చెయ్యాడలేదు, టోర్ఫిన్‌తో కోయించాను. "డెబ్బై మూడేళ్ల జాలరివి, చేప మీద జాలేమిట్రా? పెన్షన్ తీసుకుని అల్లికలు నేర్చుకో" అని వెక్కిరించాడు.

లోతు అడిగావు. తాడు తడిసి సాగిపోయింది, సరిగ్గా చెప్పలేను. చోటు పెట్టెల మీద రాశాను కదా, పోయినసారిదే.

"ఏం రాస్తున్నావయ్యా, అంతలా చెమటలు పడుతున్నాయి?" అంటోంది మీ అమ్మ. ఎండలే, మరేం లేదు.

నీ నాన్న


ట్రోమ్సో,
ఆగస్టు 20

నాన్నా!

ఎనిమిది పెట్టెలదీ ఒకటే కథ. అన్నీ గబగబా పెరిగినవే, అన్నీ చల్లటి గొయ్యివే. మా పెద్దాయన నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని వచ్చి, గంటసేపు లెక్కలు చూసి, "రాగ్నీ, పదేళ్లలో నేను చూసిన వాటిలో ఇదే వింత" అన్నాడు. నవంబరులో బెర్గెన్‌లో పెద్ద సభ ఉంది. చాలా దేశాల వాళ్లొస్తారు. అక్కడ నేను మాట్లాడాలట. పేరు కూడా రాసేశారు.

నా ఉద్యోగం డిసెంబరుతో అయిపోతుందని నీకు చెప్పలేదు. కంగారు పడతావని. ఈ సభలో నా మాట నిలబడితే మరో నాలుగేళ్లు ఇక్కడే ఉంటాను. నిలబడకపోతే చేపలు వదిలేసి ఏ బడిలోనో పాఠాలు చెప్పుకోవాలి. ఇప్పుడు చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు భయం లేదు.

ఇంకో మూడు పెట్టెలు పంపగలవా? మొత్తం పదకొండైతే లెక్క గట్టిపడుతుంది.

నీ రాగ్ని


స్కార్వ్‌విక,
సెప్టెంబరు 2

రాగ్నీ,

మూడు పెట్టెలు పంపాను. బంగాళదుంపలు తవ్వేశాం, ఈసారి బాగానే వచ్చాయి. మీ అమ్మ చిత్తడినేలలో ముల్తె పండ్లు రెండు బకెట్లు ఏరింది. ఎక్కడ ఏరావని పొరుగావిడ అడిగితే, అదుగో ఆ కొండ వెనకాల అని చెయ్యూపి వచ్చింది. ఏ కొండో ఆమెకే తెలియదు.

ఒకటి అడుగుతాను, నా తెలివితక్కువకి నవ్వకు. చోటు అంత ముఖ్యమా? రాయి చేపలో ఉంది, చేప మన పాయలో ఉంది. పాయలో ఎక్కడైతేనేం?

సభలో ఏం వేసుకుంటావు? నీలం స్వెటర్ వేసుకో. మీ అమ్మ అల్లింది.

నాన్న


ట్రోమ్సో,
అక్టోబరు 3

నాన్నా,

చోటు ముఖ్యమే. అదొక్కటే ముఖ్యం. మన పాయ కాడ్‌లు తిరుగుబోతులు కావు, పుట్టిన చుట్టుపక్కలే బతుకుతాయి. అందుకే ఏ చేప ఏ నీళ్లలో ఉందన్న దాని మీదే నా లెక్కంతా నిలబడి ఉంది.

ఇప్పుడు ఆ లెక్క కూలిపోతోంది, ఎందుకో తెలియడం లేదు. ఇక్కడ ఒక యంత్రం ఉంది. రాతిలోని ఏ పొర ఎంత వెచ్చని నీళ్లలో పేరుకుందో చెబుతుంది. దాన్ని నడిపే ఆవిడ పేరు యోరున్, ఇరవై ఏళ్లుగా అదే పని. నీ రాళ్లు ఇచ్చాను. ఎనిమిది డిగ్రీలు, తొమ్మిది డిగ్రీలు అని వచ్చింది. గొయ్యిలో రెండే కదా, మళ్లీ చెయ్యమన్నాను. మళ్లీ అదే. మూడోసారీ అదే. నేను నిగ్రహం కోల్పోయి "నీ యంత్రం చెడిపోయింది, లేదా నువ్వు రాళ్లు కలిపేశావు" అని అందరి ముందూ అనేశాను. ఆవిడ అరవలేదు. "రాళ్లు అబద్ధమాడవు రాగ్నీ" అని, చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. పెద్దాయన ఆవిడ పాత పరీక్షలన్నీ తిరగదోడిస్తున్నాడు. ఇరవై ఏళ్ల పనిని.

నాకేమీ అర్థం కావడం లేదు నాన్నా. చేపలు తప్పా, గొయ్యి తప్పా, యంత్రం తప్పా, నేను తప్పా? సభకి ఆరు వారాలుంది. ఎవర్ని నమ్మాలో తెలియక రాత్రంతా మన పాయ పటం ముందేసుకుని కూర్చుంటున్నాను. నీ పెట్టెల మీద నీ అక్షరాలు ఒక్కటే ఈ గదిలో నాకు నమ్మకంగా కనిపించేవి.

రాగ్ని


స్కార్వ్‌విక,
అక్టోబరు 9

తల్లీ,

ఈ ఉత్తరం ఐదుసార్లు రాసి పొయ్యిలో వేశాను. ఆరోసారి మీ అమ్మ నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. రాసేదాకా కాఫీ ఇవ్వదట.

యోరున్ గారి తప్పు లేదు. యంత్రం తప్పు లేదు. నీ తప్పు లేదు. ఆ చేపలు ముసలమ్మ గొయ్యివి కావు.

ఎలా చెప్పను? మన పాయలో ఎక్కడ పట్టావని ఎవరైనా అడిగితే "ముసలమ్మ గొయ్యిలో" అనడం మర్యాద. అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. చెప్పను పొమ్మంటే మొహాన తలుపేసినట్టు ఉంటుందని మా పెద్దవాళ్లు పెట్టుకున్న జవాబు అది. టోర్ఫిన్ అడిగినా ముసలమ్మ గొయ్యే, నేను టోర్ఫిన్‌ని అడిగినా ముసలమ్మ గొయ్యే. చేపలు కొనేవాళ్ల చీటీల మీద నలభై ఎనిమిదేళ్లుగా అదే రాస్తున్నాను. నా జన్మలో ఆ గొయ్యిలో గాలం వేసినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు. అక్కడికి వెళ్లిరావడానికే పూట పడుతుంది, చీకటి నీళ్లు, ఎవరికి కావాలి?

మా నాన్న తన చోటు నాకు చూపించిన రోజున నన్ను పడవలో నిలబెట్టి ఒట్టేయించుకున్నాడు. నోటితో ఒక్కడికే చెప్పాలి, కాగితం మీద ఎప్పుడూ పెట్టకూడదు అని. మే నెలలో నీ మొదటి పెట్టె మీద "చోటు" అని రాసి, పక్కన ఏం రాయాలా అని ఆగనైనా లేదు నేను. చెయ్యి దానంతటదే రాసేసింది. నిన్ను మోసం చేద్దామని కాదు. చేపల పొడవు, బరువు, కాలేయాలు, అన్నీ నిజం. అదొక్కటే అలవాటు.

అదే అయితే తప్పు చిన్నది. నా అసలు తప్పు తర్వాతది. రెండు డిగ్రీలు అని నువ్వు రాసినప్పుడే నాకు గతుక్కుమంది. అప్పుడే చెప్పాల్సింది. కానీ నువ్వు హాయిగా ఉందన్నావు. వింత అన్నావు. సభ అన్నావు. రేవంతా చెప్పుకున్నాను. ఇన్నేళ్లకి నా కూతురు నా వల్ల సంతోషపడుతోంది, దాన్ని నేనే ఎలా పొడుస్తాను అనుకున్నాను. ఆ సంతోషంలో తాగినవాడిలా తిరిగాను. నీ ఉద్యోగం సంగతి చదివాక ఇంకా నోరు పెగల్లేదు.

యోరున్ గారు తొడుగులు తీసి పెట్టారన్న మాట మీ అమ్మకి చదివి వినిపించాను. "నీ గొయ్యిలో ఆ పరాయి ఆడమనిషి పడింది చూడు" అంది మీ అమ్మ.

నీకు ఎలా రాయాలో తెలియక ఇలా రాశాను.

నాన్న


ట్రోమ్సో,
అక్టోబరు 14

నాన్నా,

జాలర్లు ఒకరికొకరు చోటు చెప్పుకోరని నాకూ తెలుసు. ఆ పాయ ఒడ్డునే పుట్టాను.

నాకు కూడానా?

రాగ్ని


ట్రోమ్సో,
ఫిబ్రవరి 6

నాన్నా,

నువ్వు నవంబరులో, క్రిస్మస్‌కి, జనవరిలో రాసిన ఉత్తరాలు విప్పకుండా సొరుగులో పెట్టాను. నిన్న మూడూ ఒకేసారి చదివాను. మూడింట్లోనూ అమ్మ కాఫీ ఇవ్వడం లేదనే రాశావు. నాలుగు నెలలుగానా?

అక్టోబరులో నీ ఉత్తరం అందగానే మొదట యోరున్ ఇంటికి వెళ్లాను. అందరి ముందూ అన్నాను కాబట్టి మర్నాడు అందరి ముందూ క్షమాపణ అడిగాను. ఆవిడ నీ ఉత్తరం చూపించమంది. చదివి చాలాసేపు నవ్వింది. ఆవిడ తండ్రీ పడవ నడిపే జాలరేనట.

బెర్గెన్‌లో రాసుకున్నదంతా పక్కన పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. చేపల కొలతలు నిజమేననీ, చోటు పేరు మాత్రం మా ఊరి మర్యాద అనీ చెప్పాను. కొందరు నవ్వారు. చెవులు కాలిపోయాయి నాకు. వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచి "మా పాయలోనూ ఒక గొయ్యి ఉంది, మాది సన్యాసి గొయ్యి" అన్నాడు. తర్వాత ఇంకొకాయన లేచాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే మా నేలమాళిగలో నలభై ఏళ్లుగా జాలర్లు పంపిన వేల పెట్టెలున్నాయి. వాటి మీద ఎన్ని గోతులు నిజమో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఏ చేప ఏ నీళ్లలో వేడెక్కిందో తెలుసనుకున్న మేమందరం అయోమయంలో పడ్డాం.

నాకు నాలుగేళ్లు ఇవ్వలేదు, ఒక ఏడాది ఇచ్చారు. ఆ పెట్టెలు తిరగేసి, యోరున్ యంత్రంతో ఏది నిజమో ఏది మర్యాదో తేల్చమన్నారు.

కోపం పోయిందా అంటే తెలియదు. కానీ పని మిగిలి ఉంది. పార్సిల్‌లో తాడుకి కట్టే వేడిమాపకం పంపుతున్నాను. వేసవి చివర, నీళ్లు బాగా వేడెక్కినప్పుడు, నువ్వు పట్టిన అసలు చోటుకి వెళ్లి అడుగున ఎంత ఉందో చూడు. ఒక పెట్టె పంపు. దాని మీద చోటు రాయాలని ఉంటే రాయి. లేదనుకుంటే ఖాళీగా వదిలెయ్యి. మర్యాద మాత్రం వద్దు.

రాగ్ని


స్కార్వ్‌విక,
ఆగస్టు 24

నా బంగారుతల్లి రాగ్నికి,

కాఫీ మార్చిలోనే మొదలైంది. నీకు రాయడం మర్చిపోయాను.

రెండు పెట్టెలు పంపుతున్నాను. ముందు పన్నెండోది విప్పు. అది ఖాళీ, దారిలో రాళ్లు పడిపోలేదు. దాని మీద రాసింది చదువు. ఇదిగో, ఇక్కడ కూడా రాస్తున్నాను. రేవు నుంచి ఉత్తరంగా వెళ్లాలి. చర్చి శిఖరం కాల్వెన్ బండ వెనక్కి పూర్తిగా దాగాలి. అదే సమయానికి మన పడవల కొట్టం కప్పుకి సరిగ్గా పైన, కొండలోని తెల్ల చీలిక కనిపించాలి. రెండూ కుదిరిన చోట ఇరవై రెండు బారల లోతు. అదే మా నాన్న చోటు, అంతకుముందు తాతది. ఒక్కరికే చెప్పాలని ఒట్టు. నీకే చెప్పాను. కాగితం మీద పెట్టకూడదని కూడా ఒట్టు. అది తప్పాను. నాన్న పైనుంచి చూస్తే తిడతాడు, తిట్టనీ.

నిజానికి ఒక్కరికే అన్న ఒట్టూ మిగల్లేదు. వేడిమాపకంలో సన్న అంకెలు నాకు ఆనవు. మీ అమ్మ భూతద్దం పట్టుకుని పడవెక్కి కూర్చుంది. "నలభై ఆరేళ్లు కాపురం చేశాను, నువ్వు రోజూ ఎక్కడికి పోతున్నావో ఇవాళ చూస్తాను" అంది. చోటుకి చేరాక చుట్టూ చూసి "ఇంతేనా? వంటింటి కిటికీలోంచి కనబడుతుందే ఇది!" అంది. నేను వేడిమాపకం తాడుకి కట్టాను.

అడుగున పదకొండున్నర డిగ్రీలు. అమ్మ మూడుసార్లు చదివింది. నాలుగు గంటలు గాలాలు వేశాం. ఒక్క కాడ్ పడలేదు తల్లీ. తాత కాలం నుంచి ఖాళీగా రాని చోటు. కిందటేడు బలిసిన చేపలు చూసి నేను గంతులేసిన చోటు. వచ్చినవన్నీ మాకెరల్. దక్షిణాన తిరిగేవి, మన పాయకి చుట్టాలు కూడా కావు. నాకు చోటు తప్పిందేమో అనిపించింది. శిఖరం చూశాను, చీలిక చూశాను, మళ్లీ చూశాను. చోటు అదే. నీళ్లే వేరు. అప్పు తెచ్చి కట్టిన ఇల్లన్నావు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

ఎక్కడికి పోయి ఉంటాయి? అమ్మ మాకెరల్ బుట్ట వైపు చూస్తూ "నాకు ఉక్కపోస్తే నేనైతే నేలమాళిగలోకి పోతాను" అంది. నేను ఆమె మొహం చూశాను, ఆమె నా మొహం చూసింది. ఇంజను తిప్పాను.

రాగ్నీ, ముసలమ్మ గొయ్యికి వెళ్లాం. నలభై ఎనిమిదేళ్లు నోటితో వెళ్లినవాణ్ని, మొదటిసారి పడవలో వెళ్లాను. ఉన్న తాళ్లన్నీ కలిపి ముడేస్తే గాని అడుగు తగల్లేదు. అరవై బారలు. వేడిమాపకంలో రెండు డిగ్రీల మీద కాస్త. తాడు పైకి లాగుతుంటే చేతులు కొంకర్లు పోయాయి. రెండో గాలానికి బరువు తగిలింది. తొంభై నాలుగు సెంటీమీటర్లు! తొట్టిలో వేసి అక్కడి చల్లటి నీళ్లే పోశాను. మొప్పలు నెమ్మదిగా, తీరిగ్గా ఆడాయి. ఎంతసేపు చూశానో తెలియదు. "ఏడుస్తున్నావేమయ్యా" అంది మీ అమ్మ. ఏడవలేదు, ఉప్పునీళ్లు.

పదమూడో పెట్టెలో దాని రాళ్లున్నాయి. ఒకటి విరిచి చూశాను. లోపల వలయాలన్నీ వెడల్పు, అంచున మాత్రం వెంట్రుకంత సన్న గీత. వెచ్చటి చోట పెరిగి, ఈమధ్యే చల్లటి చోటుకి వచ్చిందని నాకనిపిస్తోంది. నిజమో కాదో నాకు తెలియదు, యోరున్ గారిని అడుగు. వాటికక్కడ తిండి ఉందో లేదో, ఎన్ని పడతాయో, ఆ గొయ్యి కూడా వేడెక్కితే ఇంకెక్కడికి పోతాయో, ఏమీ అర్థం కావడం లేదు. సంతోషపడాలో భయపడాలో కూడా తెలియక రెండూ పడుతున్నాను.

రేవులో టోర్ఫిన్ ఉన్నాడు. చేపని చూసి కళ్లు పెద్దవి చేశాడు. "ఎక్కడ పడిందిరా ఇది?" అన్నాడు.

"ముసలమ్మ గొయ్యిలో" అన్నాను.

"ఆహా, అంతేలే" అని నవ్వుకుంటూ పోయాడు. వెనక నుంచి కేకేశాను, "ఒరే టోర్ఫిన్, నిజంగానేరా, ఒట్టు!" అని. వాడు ఇంకా గట్టిగా నవ్వాడు.

వాడు నమ్మకపోతే పోనీ. పెట్టె మీద "చోటు" అని రాసి, ఈసారి ఆగాను తల్లీ. ఆగి, ఆలోచించి, అదే మాట రాశాను. నువ్వు కూడా నవ్వితే నా దగ్గర ఇంకో మాట లేదు. అందుకని పెట్టె అడుగున సాక్షి సంతకం పెట్టించాను. ఉత్తరం చివర కూడా రాయిస్తున్నాను.

నీ నాన్న,
ఓడ్వార్

రాగ్నీ, పడవలో నేనున్నాను. ఈయన రాసింది నిజం. నువ్వొచ్చి చూసుకో, పడవలో ముగ్గురికి చోటుంది. వచ్చేటప్పుడు మందపాటి కోటు తెచ్చుకో, అక్కడ చలి.
అమ్మ